చేను చూసిన వెంటనే నిర్ణయం: కంటికి తర్ఫీదు ఎలా ఇవ్వాలి?



ఈ పాఠంలో కొత్త కషాయం ఏమీ లేదు. జీవామృతం, నీమాస్త్రం, అగ్నిఅస్త్రం ఎలా తయారు చేసుకోవాలో పాత వీడియోల్లో చూశారు. చాలామంది తయారీ బాగానే నేర్చుకున్నారు. అయినా నాకు ఫోన్లో ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒకటే: "కొట్టమంటారా, ఆగమంటారా?" ఫొటో పెట్టి, జవాబు వచ్చేదాకా గట్టు మీదే నిలబడేవాళ్లు ఉన్నారు. కొంతమంది నలుగురికి ఫొటోలు పెడతారు. నలుగురూ నాలుగు రకాలుగా చెబుతారు. సాయంత్రానికి ఏదీ చెయ్యకుండా ఇంటికెళ్లిపోతారు.

చేను మీ ముందుంది, నా ముందు ఫోన్ ఉంది. అందుకని ఈసారి ఆ నిర్ణయం గట్టు మీదే, మీరే, ఐదు నిమిషాల్లో ఎలా తీసుకోవచ్చో చూద్దాం. ఏ నిర్ణయం అలా తీసుకోకూడదో కూడా చెబుతాను. రెండోది మొదటిదానికంటే ముఖ్యం.

మనకు తొందర ఎందుకు?

వరిలో సుడిదోమనే తీసుకోండి. తాడేపల్లిగూడెం, ఏలూరు, కొల్లేరు చుట్టుపక్కల డెల్టా చేలల్లో దీన్ని చూడని రైతు ఉండడు. తల్లి దోమ ఆకు తొడిమ లోపల గుడ్లు పెడుతుంది. అవి వారం, తొమ్మిది రోజుల్లో పిల్లలవుతాయి. నెల తిరక్కుండానే ఆ పిల్లలు మళ్లీ తల్లులవుతాయి. ఇదంతా దుబ్బు అడుగున, నీళ్లకు నాలుగు వేళ్ల ఎత్తులో జరుగుతుంది. పైనుంచి చూస్తే చేను పచ్చగా, కళకళలాడుతూ ఉంటుంది. గుండ్రంగా మాడిన సుళ్లు పైకి కనపడేసరికి అడుగున పని అయిపోయి ఉంటుంది.

ఇక్కడే మనకూ, మందులు కొట్టే రైతుకూ తేడా. ఆయన దగ్గర ఆలస్యంగా కొట్టినా దోమను పడగొట్టే మందు ఉంది, దాని ఖర్చు, దాని నష్టం వేరే సంగతి. మన కషాయాలు అలా పనిచేయవు. అవి పురుగును తిననివ్వకుండా, గుడ్లు పెట్టనివ్వకుండా, చిన్న పిల్లల దశలో తగ్గించేవి. పెరిగి గుంపు కట్టిన దోమ మీద కషాయం పోస్తే కషాయమే దండగ. అంటే మనకున్న గడువు నాలుగైదు రోజులు. అందులో రెండు రోజులు ఫోన్ల మీద పోతే మిగిలేది ఎంత?

కౌలు రైతుకైతే ఇది ఇంకా గట్టి లెక్క. పంట పండినా పండకపోయినా కౌలు బస్తాలు కొలవాల్సిందే. చేలో ఒక మూల సుడి పడితే పోయేది సొంతదారు వాటా కాదు, ఈయన ఇంటికి తెచ్చుకోవాల్సిన గింజలే.

ఇది జోస్యం కాదు, గుర్తుపట్టడం

పెద్ద రైతులు చేలో అడుగు పెట్టగానే "ఇక్కడేదో తేడాగా ఉందిరా" అంటారు. చూసేవాళ్లకి అదేదో వరంలా కనిపిస్తుంది. వరం కాదండి. హెర్బర్ట్ సైమన్ అని అమెరికా పండితుడు ఉండేవారు, 1978లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆయన చెప్పింది సూటిగా ఇదీ: చటుక్కున తట్టడం అంటే పాతది గుర్తుపట్టడమే, అంతకు మించి ఏమీ లేదు. ముందు వందసార్లు చూసిన గుర్తు మళ్లీ కనిపిస్తే మనసు లెక్క వేయకుండానే జవాబు చెబుతుంది.

గ్యారీ క్లెయిన్ అనే ఇంకో పరిశోధకుడు 1980లలో అగ్నిమాపక దళాల నాయకుల దగ్గరికి వెళ్లి, మంటల ముందు నిర్ణయం ఎలా తీసుకుంటారని అడిగారు. రెండు మూడు దారులు పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తారేమో అనుకున్నారు. వాళ్లలో అనుభవం ఉన్నవాళ్లు చాలావరకు పోల్చడమే లేదు. పరిస్థితిని చూడగానే ఇది ఫలానా రకం మంట అని గుర్తుపట్టి, మొదట తట్టిన పనిని మనసులో ఒకసారి నడిపి చూసుకుని, కుదురుతుందనిపిస్తే దిగిపోతున్నారు. కుదరదనిపిస్తేనే రెండోది ఆలోచిస్తున్నారు.

అంత దూరం ఎందుకు, మన ఆకివీడు, కైకలూరు వైపు చేపల చెరువుల దగ్గర కాపలా ఉండేవాళ్లని చూడండి. రాత్రంతా చెరువులోని నాచు, చేపలు అన్నీ గాలి పీల్చుకుంటాయి, ఎండ లేదు కాబట్టి కొత్త ఆక్సిజన్ తయారు కాదు. అందుకే తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గుతుంది. ముందురోజు మబ్బు పట్టి ఉంటే ఇంకా ప్రమాదం. చేప పైకి తేలి నోరు తెరిచిందంటే గంటల్లో పెట్టుబడి మొత్తం తెల్లగా తేలుతుంది. అక్కడ ఒక పెద్దాయన చేపలు పైకి రాకముందే లేచి ఏరేటర్లు వేయించడం చూసి, "ఎలా తెలిసింది బాబాయ్ గారూ, మీటరు కూడా పెట్టలేదు కదా?" అని అడిగాను.

"సాయంత్రం నుంచి మబ్బు, గాలి కదల్లేదు. మేత సగం వదిలేసింది. నీళ్ల వాసన కూడా మారిందయ్యా. ఇంకేం కావాలి?" అన్నారు.

గమనించారా? ఆయన "నాకు అనిపించింది" అనలేదు. నాలుగు గుర్తులు వరసగా చెప్పారు. అడిగితే గుర్తులు చెప్పగలిగితే అది అనుభవం. చెప్పలేకపోతే మరోసారి వంగి చూడాలి.

కంటి నిర్ణయాలు, కాగితం నిర్ణయాలు

2009లో ఈ క్లెయిన్ గారూ, డేనియల్ కానమన్ గారూ కలిసి ఒక వ్యాసం రాశారు. కానమన్ గారు మన తొందరపాటు అంచనాలు ఎలా తప్పుతాయో జీవితమంతా పరిశోధించిన మనిషి. క్లెయిన్ గారు అనుభవజ్ఞుల చూపును నమ్మిన మనిషి. ఇద్దరివీ ఎదురెదురు దారులు. అయినా ఒక మాట దగ్గర కలిశారు. చటుక్కున తట్టినదాన్ని నమ్మాలంటే రెండు ఉండాలన్నారు. ఒకటి, ఆ పనిలో గుర్తులు నిలకడగా ఉండాలి, అంటే ఈ గుర్తు కనిపిస్తే మామూలుగా ఇదే జరుగుతుంది అన్నట్టు ఉండాలి. రెండు, మన అంచనా నిజమైందో లేదో తెలుసుకునే అవకాశం చాలాసార్లు దొరికి ఉండాలి.

దీన్ని మన పనులకు పెట్టి చూద్దాం.

కంటికి వదలదగ్గవి:
- చేలో నీరు ఇవాళ పెట్టాలా, తీసెయ్యాలా
- జీవామృతం ఇవాళ పారించాలా, వాన వచ్చేలా ఉంది కాబట్టి ఆగాలా
- దోమ, ఆకుముడత మొదలైందా, కషాయం కొట్టాలా, చూస్తూ ఉండాలా
- గింజ కోతకొచ్చిందా, ఎండిన ధాన్యం బస్తాకెత్తొచ్చా
- ఆవు మేత వదిలేసింది, డాక్టర్ గారిని ఇప్పుడే పిలవాలా

వీటన్నిటిలో గుర్తులు నిలకడగా ఉంటాయి. నాలుగు రోజుల్లో చేనే జవాబు చెబుతుంది. ఏడాదికి రెండు పంటలు, సార్వా, దాళ్వా కలిపి మనకు ఎన్నోసార్లు ఆ జవాబు వింటాం.

కాగితం మీద పెట్టవలసినవి:
- ఏ రకం వెయ్యాలి
- ఎన్ని ఎకరాలు కౌలుకు తీసుకోవాలి, ఎన్ని బస్తాలకు
- అప్పు, యంత్రం, షెడ్డు
- మొత్తం భూమిని ఒకేసారి ప్రకృతి వ్యవసాయంలోకి మార్చాలా, ముందు ఒక ఎకరమా
- వచ్చే నెల ధర

ఈ చివరిది చూడండి. మన తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌కు కర్నూలు నుంచి, మహారాష్ట్ర నుంచి లారీలు వస్తాయి. ఇక్కడి ధర అక్కడి వాన మీద, అక్కడి సరుకు మీద, ఎగుమతుల మీద ప్రభుత్వం తీసుకునే నిర్ణయాల మీద ఆధారపడుతుంది. ఇరవై ఏళ్లుగా మార్కెట్లో తిరిగే మనిషి బస్తాలో చెయ్యి పెట్టి, ఈ ఉల్లి ఎన్నాళ్లు నిలవ ఉంటుందో చెబితే నమ్మొచ్చు. అదే మనిషి "వచ్చే నెల ధర పెరుగుద్ది, నాకు తెలుసు" అంటే నమ్మడం కష్టం. మనిషి ఒకడే. ఉల్లి నాణ్యతకు గుర్తులు చేతిలో ఉన్నాయి, ధరకు గుర్తులు కంటికి ఆనేంత దూరంలో లేవు.

అలాగే రకం ఎంపిక. ఏడాదికి ఒకటి రెండుసార్లే వచ్చే నిర్ణయం. ఒక పంటలో బాగా వచ్చిందంటే అది రకం గొప్పా, ఆ ఏడు వాతావరణం గొప్పా తెలీదు. అందుకే పక్కచేను చూసి ముచ్చటపడి రకం మార్చకండి. మార్టేరు పరిశోధన స్థానం వాళ్లు ఏ రకానికి ఏ తెగులు తట్టుకునే గుణం ఉందో, ఎన్ని రోజుల పంటో చెబుతారు. అది తెలుసుకుని, మీ నేల, మీ నీటి వసతి పక్కన రాసుకుని, ఇంట్లోవాళ్లతో మాట్లాడి తేల్చుకోవాలి. దానికి వారం పట్టినా ఏమీ పోదు.

తొందర వేరు, కంగారు వేరు

చాలామంది త్వరగా నిర్ణయం అనగానే త్వరగా కొట్టడం అనుకుంటారు. కాదండి. "ఇవాళ ఏమీ చెయ్యను, ఎల్లుండి పొద్దున మళ్లీ చూస్తాను" అనేది కూడా నిర్ణయమే. గుర్తులు చూసి ఆ మాట అనుకుంటే నిశ్చింతగా ఇంటికెళ్లొచ్చు.

కంగారు ఎలా ఉంటుందంటే, పక్కచేలో స్ప్రేయర్ చప్పుడు వినపడగానే మన చెయ్యి కూడా డ్రమ్ము వైపు వెళుతుంది. మన చేను అడుగు చూసి కాదు, పక్కాయన భుజం చూసి తీసుకున్న నిర్ణయం అది.

ఈ కంగారు ఒక దేశం మొత్తానికి వస్తే ఏమవుతుందో ఇండోనేషియా చూపించింది. అక్కడ వరికి పురుగుమందులు రాయితీ మీద విరివిగా ఇచ్చారు. సుడిదోమ తగ్గకపోగా మళ్లీ మళ్లీ విరుచుకుపడింది. కారణం తర్వాత తేలింది. మందు దోమకంటే ముందు దాన్ని తినే సాలీళ్లను, మిత్రపురుగులను తుడిచేసింది. తొడిమ లోపలున్న గుడ్లకు మందు అంటలేదు. అవి పిల్లలయ్యేసరికి చేలో శత్రువే లేడు. 1986లో అక్కడి ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగుమందులను నిషేధించింది. 1989లో రైతులకు చేలోనే బడి పెట్టారు. వారం వారం చేలో దిగి, మొక్కను, పురుగును, మిత్రపురుగును చూసి, బొమ్మ గీసి, అందరూ కలిసి ఏం చెయ్యాలో తేల్చుకోవడమే ఆ బడి. మన రాష్ట్రంలో వ్యవసాయ శాఖ నడిపిన పొలంబడి ఆ వరసలోదే. అక్కడ రైతుకు నేర్పింది మందు పేరు కాదు, చూడటం.

మన కంటికి కూడా ఒక ఉచ్చు ఉంది. మిరిడ్ నల్లి అని చిన్న పురుగు, పచ్చగా, మీద నల్లటి మచ్చలతో ఉంటుంది. ఇది సుడిదోమ గుడ్లను, పిల్లలను తింటుంది. దోమ ఎక్కువైన చోటే ఇదీ ఎక్కువగా కనిపిస్తుంది. తెలియనివాళ్లు దీన్ని చూసి "బాబోయ్, పచ్చదోమ కూడా వచ్చేసింది" అని కొట్టేస్తారు. అంటే కాపలాకి వచ్చినవాణ్ణి దొంగ అనుకుని కొట్టినట్టు. కంటికి తర్ఫీదు అంటే మొదట ఎవరు ఎవరో తెలియడం.

పది నిమిషాల సాధన: ముందు అంచనా, తర్వాత లెక్క

నేను వ్యవసాయ డిప్లొమా చదివేటప్పుడు అంకెలు కంఠస్థం చేయించారు. సుడిదోమ పిలక దశలో దుబ్బుకు 10 నుంచి 15, ఈనిక దశలో 20 నుంచి 25 ఉంటే నష్టం చేసే స్థాయి అని. ఈ అంకెలు మందు కొట్టే చేలకు పెట్టినవి. మన కషాయాలకు అంతవరకు ఆగకూడదు, అందులో సగానికి చేరినప్పుడే కదలాలని నేను నా చేలో పాటిస్తాను. అంకె పుస్తకం ఇచ్చింది. ఒక్క చూపులో ఆ అంకెను పట్టుకునే కన్ను మాత్రం చేలోనే వస్తుంది. దాన్ని ఎలా తెచ్చుకోవాలో చెబుతాను. వీడియోలో చేసి చూపించాను, ఇక్కడ వరసగా రాస్తున్నాను.

1. పొద్దున్నే, ఎండెక్కకముందు, చేను ఒక మూల నుంచి ఎదురు మూలకు నడవండి. దారిలో పది దుబ్బుల దగ్గర ఆగండి. గట్టు పక్క దుబ్బులు లెక్కలోకి తీసుకోవద్దు.

2. దుబ్బును చేత్తో పక్కకు వంచి అడుగు చూడండి. మూడు లెక్కపెట్టేలోపు మనసులో అంచనా చెప్పుకోండి: దోమ ఎన్ని, సాలీళ్లు ఎన్ని.

3. అప్పుడు దుబ్బును నాలుగుసార్లు తట్టండి. దోమలు నీళ్ల మీద పడతాయి. నీళ్లు లేకపోతే అడుగున తెల్లటి పళ్లెం పెట్టండి. ఇప్పుడు నిజంగా లెక్కపెట్టండి.

4. జేబులో చిన్న పుస్తకం పెట్టుకోండి. మూడు గడులు: అనిపించింది ఎంత, లెక్కలో తేలింది ఎంత, ఏం నిర్ణయించాను.

5. ఐదో రోజున అదే చోటుకు వెళ్లి నాలుగో గడి నింపండి: ఏం జరిగింది. ఈ గడి ఖాళీగా వదిలేస్తే మిగతా మూడూ రాసి ఉపయోగం లేదు. కన్ను నేర్చుకునేది ఇక్కడే.

మొదటి వారాల్లో అంచనాకూ లెక్కకూ పొంతన కుదరదు, అది సహజం. ఒక పంట పూర్తయ్యేసరికి తేడా తగ్గుతుంది. దోమ దగ్గర మీ అంచనా లెక్కకు దగ్గరపడి, ఆకుముడత దగ్గర ఇంకా దూరంగా ఉంటే, దోమకు కంటిని నమ్మండి, ఆకుముడతకు లెక్కే పెట్టండి. ఏ విషయంలో మీ కన్ను గట్టిదో ఆ పుస్తకమే చెబుతుంది. "నాకు ముప్పై ఏళ్ల అనుభవం" అనే మాటకంటే అది నమ్మకమైన సాక్ష్యం.

పొలంబడిలో ఇంకో లెక్క నేర్పుతారు. రెండు పురుగులకు ఒక మిత్రపురుగు ఉంటే చేను తనను తాను చూసుకోగలదని. దుబ్బుకు ఆరు దోమలు, మూడు సాలీళ్లు ఉన్నాయనుకోండి, ఆగొచ్చు. ఆరు దోమలు ఉండి సాలీడు ఒక్కటీ లేకపోతే మొదటి పని నీరు తీసి చేను ఆరబెట్టడం. కాలిబాటలు మూసుకుపోయి ఉంటే పాయలు తీసి గాలి ఆడనివ్వడం. ఇవి ఖర్చులేని పనులు, వెనక్కి తీసుకోగలిగినవి. అందుకే వీటికి ఆలోచన అక్కర్లేదు, వెంటనే చేసెయ్యొచ్చు. కషాయం ఆ సాయంత్రానికి.

గట్టు మీద నాలుగు ప్రశ్నలు

చేలో కొత్త మార్పు కనపడినప్పుడు ఈ నాలుగూ అడుక్కోండి.

- ఇది నేను ముందు చూసిందేనా? చూడనిదైతే కంటిని నమ్మొద్దు. మొక్క పీకి తెలిసినవాళ్లకి చూపించండి.
- రెండు రోజులు ఆగితే ఏం పోతుంది? పోయేది పెద్దదైతే ఇప్పుడే కదలండి.
- ఇప్పుడు చేసిన పనిని రేపు సరిదిద్దుకోగలనా? నీరు తీస్తే మళ్లీ పెట్టుకోవచ్చు. చేను దున్నేస్తే మళ్లీ రాదు.
- నన్ను కదిలిస్తున్నది నా చేనా, పక్కచేనా?

నాలుగూ కలిపి రెండు నిమిషాలు పట్టదు. ఉదాహరణకు, ఎర్రకాలువ పొంగి ఊడ్చిన చేను మునిగిందనుకోండి. నీరు తీసిన రోజే చేను బురదలో అస్థిపంజరంలా కనిపిస్తుంది. చాలామంది ఆ చూపుతోనే మళ్లీ నారు కోసం పరిగెడతారు. ఇక్కడ మూడో ప్రశ్న అడగాలి. దున్నేస్తే వెనక్కి రాదు. కాబట్టి నాలుగు చోట్ల మొక్క పీకి చూడండి. మొవ్వు గట్టిగా పచ్చగా ఉండి, తెల్ల వేర్లు కనిపిస్తే మొక్క బతికే ఉంది. మొవ్వు కుళ్లి చేతిలోకి ఊడివస్తే పోయినట్టే. రెండు మూడు రోజులాగి మళ్లీ చూసి, ఖాళీ పడిన చోట పక్క దుబ్బుల పిలకలతో పూరించుకోవచ్చు.

త్వరగా తేల్చాలంటే ముందే సిద్ధం

జీవామృతం తయారవడానికి 48 గంటలు. నీమాస్త్రానికి ఒక రోజు. అగ్నిఅస్త్రం కాచి చల్లార్చి ఊరనివ్వాలి. దోమ కనపడిన రోజున వేపాకు కోయడానికి బయల్దేరితే, మీ నిర్ణయం ఎంత త్వరగా తీసుకున్నా పని మూడో రోజుకే. అగ్నిఅస్త్రం మూడు నెలలు నిలవ ఉంటుంది కాబట్టి ఊడ్పులైన వెంటనే ఒక డ్రమ్ము తయారు చేసి నీడన పెట్టుకోండి. ఒక్కరికీ కష్టమైతే నలుగురు రైతులు కలిసి చేసుకోండి. రైతు సాధికార సంస్థ కార్యక్రమంలో ఊళ్లలో ఎన్‌పీఎం షాపులు పెట్టించింది ఇందుకే.

తుఫాను విషయంలో కూడా ఇంతే. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పటికి మన డెల్టాలో కొంత చేను కోతకు సిద్ధంగా, కొంత పనల మీద, కొంత కళ్లాల్లో ఉంది. అలాంటి రోజున ఆకాశం చూస్తూ ఆలోచిస్తే బుర్ర పనిచేయదు. అందుకని ఆ నిర్ణయాలు ఎండ కాస్తున్న రోజునే కాగితం మీద రాసుకోవాలి. నా గోడ మీద ఇలా ఉంటుంది:

- హెచ్చరిక వచ్చాక కొత్తగా చేత్తో కోయించేది లేదు. పనల మీద తడిసేదానికంటే నిలబడ్డ చేనే నయం.
- వెన్నులో 80 నుంచి 85 శాతం గింజ బంగారు రంగుకు వచ్చి, మిషను దొరికి, ఆరబెట్టడానికి చోటుంటేనే మిషను కోత. మూడిట్లో ఒకటి లేకపోయినా ఆగడమే.
- పనల మీద ఉన్నది గట్టుకో మెరకకో చేర్చడం. తడిస్తే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పనల మీద చల్లడం, మొలక రాకుండా.
- బోదెలు, నీరు పోయే దారులు ముందురోజే తెరవడం.

ఆ రోజు వచ్చినప్పుడు ఆలోచించాల్సింది ఒక్కటే: నా చేను ఏ వరసలో ఉంది? అది కన్ను చెబుతుంది.

మీకంటే ముందు చూసే కళ్లు

చేలో ఎక్కువ గంటలు వంగి ఉండేది మనం కాదు, కలుపు తీసే అక్కలు. దుబ్బు అడుగు వాళ్ల కళ్లకు జానెడు దూరంలో ఉంటుంది. సాయంత్రం కూలి ఇచ్చేటప్పుడు "అక్కా, ఏ మూలైనా తేడాగా కనిపించిందా?" అని అడగండి. ఒకసారి మా చేలో ఒకావిడ "ఆ తూర్పు మూల ఆకులు చేతికి జిగటగా తగులుతున్నాయి బాబూ" అన్నారు. ఆ జిగట దోమ విసర్జించే తేనెలాంటి ద్రవం. మరునాడు పొద్దున అక్కడే పది దుబ్బులు చూసి, ఆ మూల వరకే నీరు తీసి, కషాయం కొట్టాం. ఆవిడకు దోమ శాస్త్రం తెలియకపోవచ్చు, మామూలు ఆకు చేతికి ఎలా తగులుతుందో మాత్రం నాకంటే బాగా తెలుసు. ఈ కబురు అడిగితేనే వస్తుంది. అడగని చోట ఎవరూ చెప్పరు.

వ్యాపారంలో కూడా

మేము కొంత బియ్యం ప్యాక్ చేసి నేరుగా ఇళ్లకు పంపుతాం. పొద్దున ఏడింటికి ఫోన్ వస్తుంది, "పది బస్తాలు శనివారానికి ఇవ్వగలరా?" అని. ఆ ఫోన్లోనే అవుననో కాదనో చెబుతాను. రోజూ రాత్రి నిలవ పుస్తకం రాసుకునే పడుకుంటాను కాబట్టి. ధాన్యం ఎండిందా లేదా అన్నది గింజ కొరికితే తెలుస్తుంది, తేమ మీటరు చూపేదాంతో వారానికొకసారి సరిపోల్చుకుంటాను. అదే కొత్తవాళ్లు అరువు అడిగితే, లేదా ఏడాది మొత్తానికి ఒకే ధర ఒప్పందం అడిగితే, ఎంత తియ్యగా మాట్లాడినా ఆ రోజు జవాబు చెప్పను. ఒక రాత్రి గడవాలి, లెక్క కాగితం మీద పడాలి. మనిషి మాట తీరు చూసి అతని చెల్లింపులు చెప్పగలిగే కన్ను ఎవరికీ ఉండదని నా నమ్మకం.

ఈ వారం చెయ్యాల్సిన పని

పది రూపాయల పుస్తకం ఒకటి కొనండి. నాలుగు గడులు గీయండి. రోజూ కుదరకపోతే వారానికి రెండు రోజులు, పది దుబ్బులు. ఒకే పురుగుతో మొదలుపెట్టండి, అన్నీ ఒకేసారి వద్దు. ఇంట్లో పిల్లలుంటే ఆదివారం చేలోకి తీసుకెళ్లి అంచనా పందెం పెట్టండి. వాళ్ల కళ్లు మనకంటే చురుకు.

ఐదో రోజు గడి నింపాక ఫొటో పెట్టండి, కానీ "కొట్టమంటారా, ఆగమంటారా" అని కాదు. "నాకు ఇలా అనిపించింది, లెక్కలో ఇంత తేలింది, ఇది చేశాను, ఇలా జరిగింది" అని రాయండి. అప్పుడు నేనూ మీ దగ్గర నేర్చుకుంటాను.